‘ముప్పు రెట్టింపు’ అని హెడ్డింగ్ పెట్టే ముందు

1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతను చూసే కమిటీ డాక్టర్లకు ఒక హెచ్చరిక పంపింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలు వాడేవారికి నాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతోందన్నది దాని సారాంశం. పత్రికలు, టీవీలు ఆ ‘రెట్టింపు’నే పట్టుకున్నాయి. భయపడి ఎంతోమంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు 13 వేల దాకా పెరిగాయని అంచనా. అసలు లెక్క చూస్తే, పాత మాత్రలతో 7 వేల మందిలో ఒకరికి గడ్డ కడితే కొత్తవాటితో ఇద్దరికి కట్టింది. గర్భం దాల్చినప్పుడు ఉండే ముప్పు ఇంతకన్నా ఎక్కువ. ఎవరూ అబద్ధం రాయలేదు. ‘ఎంతలో’ అన్న ఒక్క ముక్క వదిలేశారు.

పరిశోధన వార్త రాసే డెస్క్‌లో ఆ ముక్క జారిపోకుండా చూసుకోవడానికి గంట సమయం చాలు.

ముందు ప్రెస్ నోట్‌ను పక్కన పెట్టి, శాస్త్రవేత్తలు జర్నల్‌లో రాసిన అసలు పరిశోధన పేపర్ తెప్పించుకోండి. అతిశయోక్తి చాలాసార్లు మొదలయ్యేది ప్రెస్ నోట్‌లోనే. బ్రిటన్ యూనివర్సిటీలు విడుదల చేసిన 462 ప్రెస్ నోట్లను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. వాటిలో జంతువుల మీద చేసిన ప్రయోగాల గురించిన నోట్లలో 36 శాతం ఆ ఫలితాన్ని మనుషులకు అంటగట్టాయి. నోట్‌లో ఆ అతి ఉన్నప్పుడు 86 శాతం వార్తల్లోకి పాకింది. నోట్ ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసినప్పుడు ఆ తప్పు 10 శాతం వార్తల్లోనే ఉంది.

పేపర్ దొరకాలంటే నోట్ అడుగున 10తో మొదలయ్యే డీఓఐ నంబరు (ఒక్కో పేపర్‌కు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) కోసం చూడండి. చందా కట్టాల్సిన జర్నల్ అయితే సంప్రదించాల్సిన రచయిత మెయిల్ చిరునామా పేపర్ మొదటి పేజీలో ఉంటుంది. అడిగితే సాధారణంగా పంపిస్తారు. మొత్తం చదివే తీరిక ఉండదు కాబట్టి సారాంశం తర్వాత నేరుగా పద్ధతుల విభాగానికి వెళ్లండి. ప్రయోగం కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? ఎంతమంది? ఎన్నాళ్లు? ఆ తర్వాత ఫలితాల పట్టికలు, చర్చ చివర్లో పరిమితులు ఒప్పుకునే పేరా, ఆఖరున డబ్బు ఎవరిచ్చారో చెప్పే ప్రకటన. పరిమితుల పేరాను మాత్రం వదలొద్దు. మీ వార్తలో చెప్పి తీరాల్సిన జాగ్రత్త మాట అక్కడే దొరుకుతుంది.

ఇక లెక్క. 2020లో ఫైజర్ కోవిడ్ టీకా ప్రయోగంలో అసలు టీకా, ఉత్తుత్తి సూది వర్గాల్లో ఒక్కోదానిలో 18 వేల పైచిలుకు మంది ఉన్నారు. ఉత్తుత్తి సూది వర్గంలో 162 మందికి జబ్బు వచ్చింది, టీకా వర్గంలో 8 మందికి. 162లో 154 తగ్గాయి, అంటే 95 శాతం. ఆ అంకె విని, టీకా వేసుకున్న వందమందిలో ఐదుగురికి జబ్బు వస్తుందని చాలామంది అర్థం చేసుకున్నారు. పట్టిక ప్రకారం రెండు నెలల సగటు పరిశీలనలో టీకా వర్గంలో జబ్బుపడ్డవారు 10 వేలకు నలుగురు, రెండో వర్గంలో 10 వేలకు 88 మంది. ఇలా రెండు వర్గాలకూ జబ్బుపడ్డవారి సంఖ్యను మొత్తం సంఖ్యతో భాగించి 10 వేలతో గుణించి, రెండూ పక్కపక్కనే రాయండి. ఎంత కాలంలో అన్నది కూడా చేర్చండి. శాతం దాని తర్వాతే.

పేపర్‌లో శాతం పెరుగుదల మాత్రమే ఉంటే మామూలుగా ఆ జబ్బు ఎంతమందికి వస్తుందో వెతకాలి. రోజుకు 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం (నిల్వ ఉండేలా ఉప్పు పట్టించినది, పొగబెట్టినది) తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. జీవితకాలంలో వందకు ఐదుగురికి ఆ జబ్బు వచ్చే జనాభాలో, అందరూ అంత తింటే ఆ సంఖ్య ఆరుకు కాస్త తక్కువగా ఉంటుంది. ఆ మాంసాన్ని పొగాకు ఉన్న వర్గంలోనే చేర్చారు కనుక రెండూ సమానంగా ప్రమాదకరమని రాసినవాళ్లున్నారు. ఆ వర్గీకరణ చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదన్నదే. ముప్పు ఎంత పెద్దదన్న కొలత అందులో లేదు.

‘వల్ల’ అనే మాటను జాగ్రత్తగా వాడండి. ఎవరికి ఏది ఇవ్వాలో చీటీ తీసినట్టు నిర్ణయించిన ప్రయోగమైతే ఆ మాటకు బలం ఉంటుంది. జనం అలవాట్లను గమనించిన అధ్యయనమైతే ‘సంబంధం కనిపించింది’ దగ్గరే ఆగాలి. కాఫీ ఎక్కువ తాగేవారిలో పొగతాగేవారు ఎక్కువుంటే, పొగ చేసిన పాపం కాఫీ ఖాతాలో పడుతుంది.

జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రిప్రింట్ అయితే ఇంకా నిపుణుల సమీక్ష జరగలేదని లీడ్‌లోనే, అంటే వార్త మొదట్లోనే చెప్పండి. సమీక్ష అయినంత మాత్రాన ఢోకా లేదనుకోవద్దు. తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ పేపర్‌లో ఉన్నది 12 మంది పిల్లలే, దాన్ని ఉపసంహరించింది 2010లో. పాత పేపర్‌ను ఉటంకించే ముందు జర్నల్ పేజీ తెరవండి. ఉపసంహరణ జరిగి ఉంటే పైనే కనిపిస్తుంది.

పరిశోధనలో పాలుపంచుకోని శాస్త్రవేత్త ఒకరితో మాట్లాడాలి. పేపర్ చివరి ఆధారాల జాబితాలో అదే అంశంపై పనిచేసినవారి పేర్లుంటాయి. ఈ రచయితలతో ఈమధ్య కలిసి రాసినవారిని పక్కన పెట్టండి. ‘ఈ ఫలితం తప్పయితే ఎక్కడ తప్పయ్యే అవకాశం ఉంది?’ అని అడగండి. ‘ఎలా ఉంది?’ అంటే ‘ఆసక్తికరం’ అనే జవాబే వస్తుంది. అనుకూలంగా ఒకరు, వ్యతిరేకంగా ఒకరు అనే త్రాసు లెక్క ఇక్కడ పనికిరాదు. ఆ రంగంలో దాదాపు అందరూ ఒక మాట మీదున్నప్పుడు చెరో సగం స్థలం ఇస్తే పాఠకుడికి తప్పు బొమ్మ చూపినట్టే.

హెడ్డింగ్ చివర్లో పెట్టండి. ఎలుకల ప్రయోగమైతే ‘ఎలుకల్లో’ అనే మాట హెడ్డింగ్‌లోనే ఉండాలి, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగేది అదే. తప్పు దొర్లిందని తర్వాత తేలితే అదే లింక్‌లో దిద్ది, ఏది మారిందో పైనే ఒక వాక్యంలో చెప్పండి. సోషల్ మీడియాకు పంపిన కార్డును కూడా మార్చండి. దాన్ని మర్చిపోతే పాత అంకె అక్కడే తిరుగుతూ ఉంటుంది.