బ్లూటూత్ ట్యాగ్‌ను అమర్చుకోవడం, పోయిన వస్తువును దానితో వెతకడం

తాళాల గుత్తికో, ప్రయాణపు సంచికో తగిలించుకునే బ్లూటూత్ ట్యాగ్‌ను కొన్నవారిలో చాలామంది అదొక చిన్న జీపీఎస్ పరికరమని అనుకుంటారు. నిజానికి మామూలు బ్లూటూత్ ట్యాగ్‌లో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు, తానెక్కడ ఉన్నదీ దానికి తెలియదు. కొద్ది క్షణాలకోసారి నిద్ర లేచి, తన గుర్తింపును రేడియో తరంగాల మీద పలికి, మళ్లీ నిద్రపోవడమే అది చేసే పని. ఆ పలుకు ఏ ఫోన్‌కు వినబడితే ఆ ఫోన్ ఉన్న చోటే మనకు మ్యాప్ మీద ట్యాగ్ ఉన్న చోటుగా కనబడుతుంది. అందుచేత ట్యాగ్ కొనేటప్పుడు, అమర్చేటప్పుడు, వెతికేటప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: దీని పలుకు ఎవరికి వినబడుతుంది?

ఈ ట్యాగుల్లో వాడేది 2010లో బ్లూటూత్ 4.0తో వచ్చిన తక్కువ విద్యుత్ పద్ధతి. పాటలు వినే హెడ్‌ఫోన్ ఫోన్‌తో ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉండాలి. ట్యాగ్‌కు ఆ అవసరం లేదు. అది ఒక్కసారి పలకడానికి పట్టే కాలం కొన్ని మిల్లీసెకన్లే. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఉన్న 40 చానళ్లలో మూడింటిని, అంటే 37, 38, 39 చానళ్లను, ఈ పలుకుల కోసమే కేటాయించారు. ఇంట్లో వైఫై ఎక్కువగా వాడే 1, 6, 11 చానళ్ల మధ్య ఖాళీలోనూ, వాటి అంచులకు ఆవలా పడేలా వాటిని దూరదూరంగా ఉంచారు. వైఫై రొదలో ఈ చిన్న గొంతు మునిగిపోకుండా చేసిన ఆ ఏర్పాటు వల్లనే, పది రౌటర్లున్న అపార్ట్‌మెంటులో కూడా ట్యాగ్ వినబడుతుంది.

కొనే ముందు, మీ అవసరానికి ఈ ట్యాగ్ తగినదో కాదో చూసుకోవాలి. కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్‌తో కారు ఎక్కడుందో కనుక్కోవచ్చా అని నన్ను చాలామంది అడిగారు, కుదరదు. ఫాస్టాగ్‌లో బ్యాటరీయే లేదు. టోల్ ప్లాజాలో ఉండే రీడర్ పంపే తరంగాల నుంచే శక్తి తీసుకుని అది జవాబు చెబుతుంది, కనుక రీడర్ లేని చోట అది పూర్తిగా మూగది. పశువుల చెవులకు వేసే 12 అంకెల పసుపు బిళ్ల కూడా గుర్తింపు కోసమే తప్ప వెతకడానికి కాదు. మేతకు వెళ్లి తిరిగి రాని గేదె మెడకు బ్లూటూత్ ట్యాగ్ కట్టినా పెద్ద ప్రయోజనం ఉండదు. చెరువు గట్టు దాటి తుమ్మచెట్ల మధ్యకు పోయిన గేదె దగ్గరికి ఫోన్ పట్టుకున్న మనిషి వెళితే తప్ప దాని పలుకు ఎవరికీ వినబడదు. అలాంటి పనికి సిమ్ ఉన్న జీపీఎస్ పరికరం కావాలి, లేదా మన దేశంలో లైసెన్సు అవసరం లేని 865 మెగాహెర్ట్జ్ దగ్గరి పట్టీలో పనిచేసే లోరా పరికరం కావాలి. లోరా పలుకు ఆరుబయట కిలోమీటర్ల దూరం పోతుంది, అయితే వినడానికి ఊళ్లో ఎత్తైన చోట ఒక గేట్‌వే పెట్టుకోవాలి. బ్లూటూత్ ట్యాగ్ అక్కరకొచ్చేది ఇంట్లో, ఆఫీసులో, బస్టాండులో, విమానాశ్రయంలో, అంటే మనుషులు, వారి ఫోన్లు ఉన్న చోట.

ఏ ట్యాగ్ కొనాలన్నది మీ చేతిలోని ఫోన్‌ను బట్టి ఉంటుంది. 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్‌ను ఐఫోన్ లేదా ఐప్యాడ్ లేకుండా అమర్చుకోలేరు. శామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్‌కు గెలాక్సీ ఫోన్ ఉండాలి. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లవారు గూగుల్ ఫైండ్ హబ్ నెట్‌వర్క్‌తో పనిచేస్తుందని పెట్టె మీద రాసి ఉన్న ట్యాగ్ తీసుకోవాలి. ఇక్కడ నెట్‌వర్క్ అంటే, దారిన పోయే ఇతరుల ఫోన్లు కూడా మీ ట్యాగ్ పలుకును విని దాని చోటును మీకు చేరవేసే ఏర్పాటు. ఏ పెద్ద నెట్‌వర్క్‌కూ చెందని చవక ట్యాగులు ఎన్నో అమ్ముతున్నారు. అవి మీ ఒక్క ఫోన్‌కే వినబడతాయి, కనుక ఇంట్లో తాళాలు వెతకడానికి పనికొస్తాయి గానీ బస్సులో మరచిపోయిన సంచిని వెతకడానికి పనికిరావు. ధర ఒక్కటే చూసి ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే ఎక్కువమంది నిరాశపడుతున్నారు.

ట్యాగ్‌ను ఫోన్‌కు జతచేయడం రెండు నిమిషాల పని. తెర మీద చెప్పినట్టు చేసుకుపోతే చాలు. ఆ తర్వాత చాలామంది తెరిచైనా చూడని ఒక సెట్టింగ్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో ఫైండ్ హబ్ సెట్టింగుల్లో ఆఫ్‌లైన్ పరికరాలను వెతికే భాగంలో, జనం ఎక్కువగా తిరిగే చోట్ల మాత్రమే సాయపడాలా, అన్ని చోట్లా సాయపడాలా అని ఉంటుంది. మీరేమీ మార్చకపోతే మొదటిదే అమల్లో ఉంటుంది. అప్పుడు ఒక ట్యాగ్‌ను పలు ఫోన్లు విన్నాకే దాని చోటు యజమానికి చేరుతుంది. గోప్యతకు అది మంచిదే, అయితే పది ఇళ్ల వీధిలోనో, పొలం దారిలోనో అన్ని ఫోన్లు ఎక్కడివి? ఇక్కడ గమనించవలసింది, ఈ సెట్టింగ్ మీ ట్యాగ్‌కు సంబంధించినది కాదు, మీ ఫోన్ ఇతరుల ట్యాగులను వినే తీరుకు సంబంధించినది. కాబట్టి మీ ఒక్కరి ఫోన్లో మార్చుకుంటే చాలదు. ఇంట్లో అందరి ఫోన్లలోనూ, వీలైతే పక్కింటివారి ఫోన్లలోనూ అన్ని చోట్లా అన్నదాన్ని ఎంచుకుంటే మీ వీధిలో పడిపోయిన వస్తువు దొరికే అవకాశం పెరుగుతుంది. విన్న ఫోన్ తన చోటును సంకేత లిపిలోకి మార్చి పంపుతుంది. దాన్ని విప్పే తాళం చెవి యజమాని దగ్గరే ఉంటుంది కనుక, ఇతరుల ట్యాగును విన్నంత మాత్రాన మీ కదలికలు వారికి తెలిసిపోవు.

బ్యాటరీ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువ ట్యాగుల్లో ఉండేది సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ. ఆ అంకెల్లోనే దాని కొలత ఉంది: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. మూడు వోల్టుల ఆ బిళ్లలో సుమారు 220 మిల్లీ యాంపియర్ గంటల విద్యుత్ ఉంటుంది. ట్యాగ్ ఒక్కసారి పలకడానికి 5 మిల్లీ యాంపియర్లు 3 మిల్లీసెకన్ల పాటు పడుతుందని, నిద్రలో 2 మైక్రో యాంపియర్లు వాడుతుందని అనుకుందాం. సెకనుకోసారి పలికితే సగటు వాడకం 17 మైక్రో యాంపియర్లు అవుతుంది. బ్యాటరీ దాదాపు పద్దెనిమిది నెలలు వస్తుంది. అదే ట్యాగ్ సెకనుకు పదిసార్లు పలికితే సగటు 152 మైక్రో యాంపియర్లకు పెరిగి, రెండు నెలలకే బ్యాటరీ అయిపోతుంది. ఎంత తరచుగా పలికితే అంత త్వరగా దొరుకుతుంది, అంత త్వరగా ఆరిపోతుంది. పలికే వ్యవధిని మార్చుకునే వీలున్న ట్యాగ్ మీ దగ్గరుంటే, తాళాల వంటివాటికి ఒకటి రెండు సెకన్ల వ్యవధి సరిపోతుందని నా అభిప్రాయం.

కొత్త బ్యాటరీ వేసినా ట్యాగ్ పలకకపోతే వెంటనే ట్యాగ్ పాడైందని అనుకోకండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని కంపెనీలు బిళ్ల మీద చేదు పూత వేస్తాయి, ఆ పూత వల్ల కొన్ని ట్యాగుల్లో విద్యుత్ సరిగా అందదు. మరో కంపెనీ బిళ్లతో ఒకసారి ప్రయత్నించండి. అయితే ఆ పూత ఎందుకు వేస్తారో మరవకూడదు. మింగిన బిళ్ల బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కణజాలాన్ని తీవ్రంగా కాల్చేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మూత గట్టిగా బిగిసే ట్యాగ్‌నే వాడాలి, పాత బిళ్లలను టేపు చుట్టి పారేయాలి, పిల్లవాడు మింగాడన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ట్యాగ్‌ను ఎక్కడ తగిలించాలన్న ప్రశ్నకు జవాబు ఈ తరంగాల స్వభావంలోనే ఉంది. లోహం వాటిని ఆపేస్తుంది, నీళ్లు పీల్చుకుంటాయి. స్టీలు డబ్బాలోనూ, స్కూటర్ ఇంజను పక్కనా, నీళ్ల సీసాకు ఆనించీ పెట్టిన ట్యాగ్ గొంతు సగానికి సగం అక్కడే అణిగిపోతుంది. స్కూటర్‌కైతే సీటు కింద ప్లాస్టిక్ భాగానికి అంటించాలి. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు సూట్‌కేసులో వేసేటప్పుడు, పచ్చడి సీసాలూ స్టీలు గిన్నెలూ ఉన్న అడుగు భాగంలో కాకుండా, పై మూతలోని గుడ్డ జేబులో, బట్టల వైపు పెట్టాలి.

ఇక వెతకడం. గత వేసవిలో మా ఇంట్లో స్కూటర్ తాళాలు కనబడకుండా పోయాయి. సిగ్నల్ బలం చూపించే యాప్ తెరిస్తే హాల్లో మైనస్ 84, పడకగది గుమ్మంలో మైనస్ 88, బాల్కనీలో మైనస్ 71 డీబీఎం చూపించింది. ఇందులో మైనస్ తర్వాతి అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బలంగా ఉన్నట్టు. బాల్కనీలోని పూలకుండీలు, చెప్పుల అర, బట్టల బుట్ట అన్నీ ఒక గంట సేపు గాలించాను. తాళాలు పడకగదిలోనే ఉన్నాయి: ఇనుప బీరువా వెనక, కిటికీ పక్కన కొక్కేనికి వేలాడుతున్న ప్యాంటు జేబులో. గుమ్మానికీ జేబుకూ మధ్య బీరువా అడ్డు నిలబడింది. కిటికీ తెరిచి ఉండడం వల్ల పలుకు బయటికి పోయి బాల్కనీకి చేరింది. ఫోన్ చెప్పినది తప్పు కాదు, సిగ్నల్ బలాన్ని దూరానికి కొలతగా అర్థం చేసుకున్న నాదే పొరపాటు.

ఆరుబయట, ఏ అడ్డూ లేని చోట, దూరం రెట్టింపైన ప్రతిసారీ సిగ్నల్ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో మైనస్ 59 ఉన్న ట్యాగ్ రెండు మీటర్లకు మైనస్ 65, నాలుగు మీటర్లకు మైనస్ 71 చూపాలి. ఇంట్లో ఆ లెక్క నిలవదు. గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల రద్దవుతాయి. పైగా మూడు చానళ్లలో ఒక్కోదానికి ఆ చోట్లు వేరువేరు కావడం వల్ల, మీరు కదలకుండా నిలబడినా అంకె మారుతూనే ఉంటుంది. కనుక ఒక్క అంకెను చూసి పరుగెత్తకూడదు. ఒక చోట పదిహేను సెకన్లు ఆగి, వచ్చిన అంకెల్లో మధ్యస్థంగా ఉన్నదాన్ని గుర్తుంచుకుని, రెండు మూడు అడుగులు వేసి మళ్లీ ఆగాలి. ఫోన్‌ను రెండు చేతులతో పూర్తిగా కప్పేయకుండా, అంచులు పట్టుకోవాలి.

దిక్కు తెలుసుకోవడానికి మన శరీరాన్నే వాడుకోవచ్చు. మనిషి ఒంట్లో నీరు ఎక్కువ కాబట్టి మనమే ఒక అడ్డుగోడలా పనిచేస్తాం. ఫోన్‌ను ఛాతీకి దగ్గరగా పట్టుకుని, నిలబడిన చోటే నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. పావు చుట్టుకోసారి ఆగి చూడండి. సిగ్నల్ ఎటువైపు తిరిగినప్పుడు బాగా పడిపోయిందో, ట్యాగ్ అప్పుడు మీ వీపు వెనక ఉన్నట్టు. అదే కొలతను గదిలో మరో మూల నుంచి కూడా తీసుకుంటే, రెండు దిక్కులూ కలిసే చోట వెతకవచ్చు. రెండూ పొంతన లేకుండా ఉంటే మధ్యలో బీరువా, ఫ్రిజ్, అద్దం వంటి పెద్ద అడ్డు ఉందని అనుమానించి, దాని వెనక్కి వెళ్లి మళ్లీ చూడాలి. నేను ఆ రోజు ఈ పని చేసి ఉంటే గంట సమయం మిగిలేది. దగ్గరికి వచ్చామనిపించాక అంకెలు వదిలేసి ట్యాగ్‌ను మోగించాలి. ఫ్యాన్ ఆపి వినడం మరవకండి, ఆ చిన్న స్పీకరు శబ్దం ఫ్యాన్ గాలిలో కలిసిపోతుంది.

అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ ఉన్న ట్యాగ్, ఫోన్ రెండూ మీ దగ్గరుంటే ఈ తిప్పలు తగ్గుతాయి. అది సిగ్నల్ బలాన్ని కాక, తరంగం వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి అడుగుకు అటూఇటుగా దూరాన్ని, తరంగం వచ్చిన కోణాన్ని బట్టి బాణం గుర్తుతో దిక్కును చూపగలదు. 2024లో వచ్చిన బ్లూటూత్ 6.0లో కూడా దూరాన్ని మెరుగ్గా కొలిచే చానల్ సౌండింగ్ అనే పద్ధతిని చేర్చారు; ట్యాగ్, ఫోన్ రెండింటిలోనూ అది ఉంటేనే ప్రయోజనం.

పోయినవి ఇయర్‌బడ్స్ అయితే తొందరపడాలి. చాలా ఇయర్‌బడ్స్ పెట్టెలో పెట్టి మూత వేయగానే పలకడం మానేస్తాయి, బయట పడి ఉన్నా వాటి బ్యాటరీ గంటల్లోనే అయిపోతుంది. యాప్‌లో చివరిసారి వినబడిన చోటు, సమయం ముందుగా రాసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మీది కాని ట్యాగ్ మీ వెంట వస్తోందని ఫోన్ ఎప్పుడైనా హెచ్చరిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2024 మే నుంచి ఐఫోన్లు, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండూ తమ కంపెనీకి చెందని ట్యాగుల గురించి కూడా ఈ హెచ్చరిక ఇస్తున్నాయి. హెచ్చరికలోని మీట నొక్కి దాన్ని మోగించి, సంచి అరల్లో, కారు సీట్ల కింద, బండి డిక్కీలో వెతకాలి. దొరికిన ట్యాగ్‌ను ఫోన్ వెనక భాగానికి తాకిస్తే దాని వరుస సంఖ్య తెర మీద కనబడవచ్చు. దాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి. బ్యాటరీ తీసేస్తే ఆ క్షణం నుంచి ట్యాగ్ మూగబోతుంది. ఎవరో కావాలని పెట్టారని అనిపిస్తే దాన్ని పారేయకుండా భద్రపరచి, ప్రమాదంలో ఉన్నామనిపిస్తే ఇంటికి కాకుండా జనం ఉన్న చోటికి వెళ్లి, 112కు ఫోన్ చేయాలి.