రివర్స్ షిఫ్ట్‌కి మార్చే ముందు జాగ్రత్తలు

ట్రాక్ మీద బైకు ఎడమవైపు బాగా వంగినప్పుడు గేర్ లివర్ కింద బూటు దూరదు, లివర్ ఎత్తి గేరు పెంచలేం. అందుకే రేసర్లు ఫస్ట్ గేరు పైకి, మిగతావి కిందికి పడేలా పెట్టుకుంటారు. ఇదే రివర్స్ షిఫ్ట్.

– ఇంజన్ చల్లారాక ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని నేల నుంచి లేపే స్టాండు) ఎక్కించండి.
– గేర్‌బాక్స్‌లోంచి బయటికొచ్చే షాఫ్ట్ మీద ఆర్మ్ (షాఫ్ట్‌ను తిప్పే చిన్న కడ్డీ) ఉన్నచోట గీత పెట్టి ఫోటో తీసుకోండి. ఆర్మ్ బోల్టు పూర్తిగా తీయండి. చాలా బళ్లలో అది షాఫ్ట్ గాడిలోంచి వెళ్తుంది. వదులు చేసి సుత్తితో కొట్టారంటే మరలు పోతాయి.
– ఆర్మ్‌ను తిప్పి బిగించాక, దాన్ని లివర్‌తో కలిపే లింక్ రాడ్ ఫ్రేముకు తగలకూడదు.
– క్విక్‌షిఫ్టర్ (క్లచ్ పట్టకుండా గేరు మార్చనిచ్చే పరికరం) ఉంటే సెన్సర్ దిశ మార్చందే నడపొద్దు.
– చక్రాన్ని చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూడండి.

అసలు టెన్షన్ అలవాటుతోనే. స్పీడులో గేరు పెంచుదామని లివర్ ఎత్తితే గేరు తగ్గి వెనక చక్రం లాక్ కావచ్చు. ముందు ఖాళీ గ్రౌండులో నేర్చుకోండి. బండి ఎవరికిచ్చినా ముందే చెప్పండి.