ఇంటర్వ్యూల కట్టను విడదీయడానికి ఎక్సెల్ చాలు

గుంటూరు మిర్చి యార్డులో రైతులతోనో హమాలీలతోనో చేసిన ఇంటర్వ్యూలు పది దాటాయంటే, అప్పు గురించి ఎవరేమన్నారో వెతకడానికే పూటలు గడిచిపోతాయి. ఇలా అంకెలను కాక మనుషుల మాటలను విశ్లేషించే గుణాత్మక పరిశోధనకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ విద్యార్థికి వాటిలో కొన్నింటి ధర భారమే.

ఎక్సెల్‌లో నాలుగు నిలువు వరుసలు పెట్టండి: వరుస సంఖ్య, వ్యక్తి, మాట, కోడ్ (ఆ మాట దేని గురించో చెప్పే పేరు). అసలు పేర్లు వద్దు. ‘రైతు 3’, ‘హమాలీ 2’ అని రాయండి. ఒక్కో గడిలో ఒక్క భావమే, మహా అయితే మూడు వాక్యాలు. వాళ్ల యాసను దయచేసి దిద్దకండి, సగం అర్థం అందులోనే ఉంటుంది. మీరు అడిగిన ప్రశ్నకూ ఒక గడి ఇవ్వండి.

కోడ్ చిన్నదిగా ఉండాలి: ‘వ్యాపారి దగ్గర అప్పు’, ‘కోల్డ్ స్టోరేజీ అద్దె’. ఒకే మాటకు రెండు కోడ్‌లు తగిలితే, ఆ అడ్డు వరుసను అదే సంఖ్యతో కాపీ చేసి రెండోది వేయండి. ఇక ఫిల్టర్ పెడితే అప్పు మాటలన్నీ ఒకచోటికి వస్తాయి. ఫిల్టర్ తీసి, సంఖ్య ప్రకారం సార్ట్ చేస్తే సంభాషణ మళ్లీ మొదటి క్రమంలో కనిపిస్తుంది. మూడు ఇంటర్వ్యూలు పూర్తయ్యాక ఆగి, ఒకే అర్థమున్న కోడ్‌లను కలిపేయండి. ఈ పని వాయిదా వేస్తే కోడ్‌లు వందకు చేరతాయి.

ఒక వ్యక్తి జీవితకథనే అధ్యయనం చేసే కథన పరిశోధనకు మాత్రం ఇది వాడకండి. అక్కడ ఏది ముందు చెప్పారు, ఏది తర్వాత చెప్పారు అన్నదే అసలు విషయం. ముక్కలు చేస్తే అది చేజారుతుంది.