ఫారిన్ టూర్‌లో ఎంగేజ్‌మెంట్ రింగ్ కొంటున్నారా?

ముందు సైజు. మీరు రింగ్ ఇవ్వబోయే మనిషి అదే వేలికి పెట్టుకునే పాత ఉంగరం ఏదైనా దొరికితే లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో కొలిచి ఫోన్‌లో రాసిపెట్టుకోండి, ఎందుకంటే అమెరికాలో సైజు అంకెల్లో చెబుతారు, బ్రిటన్‌లో అక్షరాల్లో, కౌంటర్ ముందు తికమక పడతారు. రింగ్ చుట్టూతా రాళ్లున్న డిజైన్ మాత్రం వద్దంటాను, తర్వాత సైజు మార్చడం నరకం.

బంగారం మీద 750 అంటే 18 క్యారెట్లు, 585 అంటే 14. వజ్రానికి జీఐఏ (వజ్రాలను పరీక్షించి గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ) లాంటి ల్యాబ్ రిపోర్ట్ అడగండి. ఆ రిపోర్ట్ నంబర్ చాలాసార్లు రాయి అంచు మీద లేజర్‌తో చెక్కి ఉంటుంది, భూతద్దం అడిగి మీ కళ్లతో చూసి, ల్యాబ్ వెబ్‌సైట్‌లో కూడా కొట్టి చూడండి (షాపువాళ్లు మొహం మాడ్చుకున్నా సరే).

ట్యాక్స్ రీఫండ్ వచ్చే దేశమైతే ఫారం షాపులోనే తీసుకోండి, ఎయిర్‌పోర్టులో ఉంగరం చూపించమనొచ్చు, అందుకే చెకిన్ బ్యాగులో పడేయకండి. తిరిగొచ్చాక, డ్యూటీ కట్టకుండా తెచ్చుకోగల పరిమితి దాటితే కస్టమ్స్‌లో చెప్పాల్సిందే, బిల్లు చేతిలో ఉంచుకోండి.