లైనక్స్ ప్రోగ్రామ్ ఇంకో మెషీన్‌ల నడవాలంటే – 4వ పాఠం: జీలిబ్‌సీ పంచాయితీ

పోయిన పాఠంల "కంపైల్ చేసిన ఫైల్ పెన్‌డ్రైవ్‌ల ఏస్కపోయి ఇంకో లైనక్స్‌ల నడిపి చూడుండ్రి" అని రాసిన, అప్పటిసంది మెసేజ్‌లు ఆగుతలేవు. సగం మందికి ఒకటే ఎర్రర్, జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్ అని. ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ వచ్చినోళ్లది వేరే ముచ్చట, మీ ల్యాప్‌టాప్ ఇంటెల్, రాస్ప్‌బెర్రీ పై ఆర్మ్, ప్రాసెసరే వేరైనంక ఆ ఫైల్ నడవది, సోర్స్ తీస్కపోయి అక్కడ్నే మళ్ల కంపైల్ చేస్కోండి, అయిపాయె.

జీలిబ్‌సీ అంటే సీ లైబ్రరీ, ప్రోగ్రాములన్నీ వాడుకునే ఫంక్షన్లు ఉన్నది. ఉబుంటు, డెబియన్ అంటే లైనక్స్ రకాలు; ఉబుంటు 24.04ల జీలిబ్‌సీ వెర్షన్ 2.39, డెబియన్ 11ల 2.31. కొత్తదాంట్ల కంపైల్ చేస్తే ఉత్త హలో వరల్డ్ అయినా 2.34 కావాలంటది, ఎందుకంటే మెయిన్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కి 2021ల వచ్చిన ఆ వెర్షన్‌లనే కొత్త నంబర్ పడ్డది. పాతదాంట్ల చేసింది కొత్తదాంట్ల నడుస్తది, ఉల్టా నడవది.

ఇగ మిర్యాలగూడ తమ్ముడు చేసిన పని వినుండ్రి. రైస్‌మిల్లు కాటా గదిల డెబియన్ 11 ఉన్న పాత డెస్క్‌టాప్, కీబోర్డు సందులల్ల అంతా తవుడు. ఎర్రర్ చూసి, ఎవరో చెప్పిన్రని, తన ల్యాప్‌టాప్‌ల ఉన్న లిబ్‌సీ ఫైల్ (జీలిబ్‌సీ అసలు ఫైల్ ఇదే) తెచ్చి రూట్‌తోని పాతదాని మీద పెట్టిండు. అంతే, ఎల్ఎస్ నడవలే, సీపీ నడవలే, సూడో నడవలే, బయట వడ్ల ట్రాక్టర్లు లైన్ల ఉన్నయి. దయచేసి ఈ పని ఎన్నడూ చెయ్యకండి. ఆ కమాండ్లన్నీ ఆ ఒక్క ఫైల్ మీదనే నిలవడ్డయి. దాన్ని మెమరీలకు ఎక్కించే లోడర్ ఇంకో ఫైల్, రెండూ ఒకే వెర్షన్‌వి ఉండాలె, ఒక్కటే మారిస్తే పొసగవు. పాత ఫైల్ తిరిగి పెడదామంటే కాపీ చేసే సీపీ కూడా దాని మీదనే నడిచేది కదా! లైవ్ పెన్‌డ్రైవ్‌తోని బూట్ చేసి, డెబియన్ 11 ప్యాకేజీల ఉన్న ఫైల్ పెట్టినంకనే మెషీన్ లేచింది.

సరైన పద్ధతి ఏందంటే, మీరు నడపాల్సిన వాటిల్ల అన్నిటికన్నా పాత సిస్టమ్ మీద కంపైల్ చెయ్యాలె. నేనైతే డాకర్‌ల (ఒక లైనక్స్ లోపల ఇంకో లైనక్స్ వాతావరణం నడిపే సాధనం) డెబియన్ 11 పెట్టుకొని అండ్లనే చేస్తా, వేరే మెషీన్ అక్కర్లేదు. ఆల్పైన్ అనే లైనక్స్ వాడేటోళ్లు ఆగుండ్రి, దాని సీ లైబ్రరీయే వేరే, అది వచ్చే పాఠంల.

హోంవర్క్: ఆబ్జ్‌డంప్‌కి (కంపైల్ అయిన ఫైల్ లోపల ఏమున్నదో చూపించే కమాండ్) పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి మీ ప్రోగ్రామ్ అడిగే జీలిబ్‌సీ నంబర్లన్నీ తీయండి, ఉబుంటు 24.04ల ఒకసారి, డెబియన్ 11ల ఒకసారి. ఇంటెల్ 64 బిట్ మీద డెబియన్ 11ల హలో వరల్డ్‌కి 2.2.5 వస్తది. మీ సొంత ప్రోగ్రామ్‌ల అంతకన్నా పెద్ద నంబర్ వస్తే, అది ఏ ఫంక్షన్ వల్లనో ఒక్కొక్కటి పట్టుకొని రాసి పంపుండ్రి.