ఆరోగ్య కరపత్రం తెలుగు చేస్తున్నారా? ముందు ఏ ఊరి తెలుగో అడగండి

హెల్త్ క్యాంపు కోసం ఇంగ్లీషు కరపత్రాన్ని తెలుగు చేసిపెట్టమని ఎవరైనా అడిగితే చాలామంది నేరుగా మొదటి వాక్యం అందుకుంటారు. ఆగండి. ఇది ఏ జిల్లాకి వెళ్తుంది, ఎవరికి వాళ్ళు చదువుకుంటారా లేక ఆశా కార్యకర్త చదివి వినిపిస్తుందా, ఇవి తెలిశాకే మొదలుపెట్టండి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల పైనే, అందరి వంటింట్లోనూ ఒకే మాటలుంటాయా?

విరేచనాలు పట్టుకున్న పిల్లలకి ఇంట్లో కలిపి ఇచ్చే ఉప్పు, పంచదార నీళ్ళనే తీసుకుందాం. లెక్క చిన్నదే, లీటరు శుభ్రమైన నీళ్ళకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. నేను మొదటిసారి "ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు" అని రాసి ఊరుకున్నాను. మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్ళో దాన్ని చదివి వినిపిస్తుంటే ఒకామె లోపలికెళ్ళి కూర వడ్డించే పెద్ద చెంచా తెచ్చి, "గీ చెంచతోనేనా అక్కా?" అని అడిగింది. నాకు గుండె జారిపోయింది. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకి ప్రాణం మీదికొస్తుంది! అప్పట్నుంచి "చాయ్‌లో చక్కెర కలుపుకునే చిన్న చెంచా, అంచుకి సమానంగా, గుట్టలా పైకి లేవకుండా" అని రాస్తున్నాను, పక్కన బొమ్మ కూడా వేయిస్తున్నాను.

ఇక పేర్ల సంగతి. కోస్తాలో పంచదార అనేదాన్ని తెలంగాణలో, సీమలో చక్కెర అంటారు. ఉల్లిపాయ ఒకచోట ఉల్లిగడ్డ, ఇంకోచోట ఎర్రగడ్డ. వేరుశనగలైతే పల్లీలు, శెనక్కాయలు, బుడ్డలు, ఇలా ఊరు మారితే పేరు మారుతుంది. ఇలాంటప్పుడు మొహమాటం లేకుండా రెండు మూడు పేర్లూ పక్కపక్కనే రాసేయండి, చూడ్డానికి బాగోకపోయినా ఫరవాలేదు.

అసలు టెన్షన్ ఒకే మాటకి రెండు అర్థాలున్నప్పుడు. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ, చిత్తూరు వైపు అనపకాయలంటే గింజలు ఒలుచుకుని వండుకునే చిక్కుడు జాతి కాయలు. "దినానికి మూడుసార్లు" అన్నది తెలంగాణలో మామూలు మాటే, అదే గుంటూరు వైపు దినం అనగానే చనిపోయినవాళ్ళకి చేసే కర్మ గుర్తొస్తుంది, మందుల కాగితం మీద ఆ మాట ఎవరు భరిస్తారు? "రోజుకి" అంటే ఎక్కడైనా చెల్లుతుంది. అలాగే తాపండి, పట్టండి అన్న మాటల దగ్గర తగువెందుకు, "తాగించండి" అని రాస్తే సరిపోతుంది.

పొలం పనుల మాటల్లో అనుమానమొస్తే భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం, అంటే వృత్తుల మాటల్ని ఏ ప్రాంతంలో ఎలా అంటారో చెప్పే నిఘంటువు, తిరగెయ్యండి. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయం మీదే. నాకు దాంతో పని పడినప్పుడల్లా, ఊరూరా తిరిగి రైతుల నోటి మాట పోగుచేసినవాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

రాయడం అయ్యాక, అసలు ఇంగ్లీషు కాగితం చూడని మనిషికి మీ తెలుగు ఇచ్చి మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చమనండి. ఎక్కడ అర్థం పక్కకి పోయిందో అక్కడే దొరికిపోతుంది. ఆ తర్వాత కరపత్రం ఏ ఊరికి వెళ్తుందో ఆ ఊరి ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించండి. "అర్థమైందా అమ్మా?" అని అడక్కండి, మర్యాద కోసమైనా అయిందనే అంటారు. "ఇప్పుడు ఎలా కలుపుతారో చూపించండి" అనండి.

తమిళనాడులో హోసూరు వైపు ఇంట్లో తెలుగే మాట్లాడినా తెలుగు లిపి చదవలేనివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి కాగితం కన్నా ఆడియో మేలు. ఆదిలాబాద్ గోండు గూడేలకైతే తెలుగే రెండో భాష. మీ తెలుగు పూర్తయ్యాక ఎవరినో పట్టుకుని గోండీ చేయించడం కాదు, గోండీ మాట్లాడే మనిషిని మొదటి రోజే పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ పనికి డబ్బులు కూడా ముందే మాట్లాడండి.