ఇటుక కొనేముందు బట్టీ పుస్తకం చూడండి

రాయగడ, పర్లాకిమిడి వైపు బిల్డింగ్ కాంట్రాక్టులు చేసేవాళ్లు ఇటుక ధర ఒక్కటే అడిగితే చాలదు, అక్కడ కూలీలతో వెట్టి చేయిస్తున్నారేమో కూడా చూడాలి. బట్టీలో కూలీలకిచ్చిన అప్పులు రాసే అడ్వాన్స్ పుస్తకం తెరిపించండి. వెయ్యి ఇటుకలకు కూలి ఎంత, వారం ఖర్చులకు ఇచ్చిందెంత, బాకీలో కోసిందెంత, విడివిడిగా రాసుండాలి. మొగుడి పేరు ఒక్కటే ఉంటే పెళ్లాం, పిల్లల చాకిరీ లెక్కలో లేనట్టే. అసలు కిటుకు అక్కడే! కూలీల ఆధార్, ఏటీఎం కార్డులు ఎవరి దగ్గరున్నాయో ఒడియా వచ్చినవాళ్లతో అడిగించండి. కూలీలను తెచ్చిన మేస్త్రీ పక్కనుంటే అందరూ 'బాగానే ఉంది బాబూ' అంటారు.

అప్పు తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు. ఆర్డరు రద్దుచేసి ఊరుకుంటే కూలీలను రాత్రికి రాత్రే ఇంకో బట్టీకి తోలేస్తారు. ముందు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపండి. పిల్లలుంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.